పెరటి పంటకు పాలివారెందరు?

మన సంఘ భవనము వెనుక 30 అడుగుల వెడల్పు, 40 అడుగుల పొడవు గల ఖాళీ స్థలమున్న సంగతి సభ్యులందరును ఎరిగినదే. దానికి సిమెంటు గచ్చు వేయించి బండ్లు నిలుపుకొనుటకు అద్దెకిచ్చినచో నెలనెలా కొంత రాబడి యుండుననియు, ఆ సొమ్ముతో ఆదివారపు తెలుగు తరగతి ఉపాధ్యాయునకు గౌరవవేతనము సమకూరుననియు కార్యవర్గమున కొందరు మిత్రులు సూచించియున్నారు. సూచన సదుద్దేశముతో చేసినదే. పిల్లల చదువునకై వెదకిన దారిని తేలికగా త్రోసిపుచ్చుట న్యాయము కాదు. అయినను మా అభిప్రాయము వేరు. ఆ నేల నేలగానే యుండవలెను. అందు కూరపాదులు పెరుగవలెను. ఈ మాట చెప్పుటకు మాకు గల అర్హత శాస్త్రపాండిత్యము కాదు. 2017 మొదలుకొని అత్తిబెలెలో మా ఇంటి పెరటియందు మేము చేసిన తప్పులును, వానివలన నేర్చుకొనిన పాఠములును మాత్రమే.

తోట పెట్టవలెనను తలంపు మాకు కలిగిన విధము చెప్పెదము. 2016 సెప్టెంబరులో కావేరీ జలవివాదము ముదిరినపుడు మన ఊరి పొలిమేర వద్ద రాకపోకలు ఆగినవి. ఈవలి బస్సులు ఈవలనే, ఆవలి బస్సులు ఆవలనే నిలిచిపోగా, మూటలు నెత్తిన పెట్టుకొని, పిల్లలను చంకనెత్తుకొని జనులు జూజువాడి వైపు కాలినడకను పోవుట మనము కన్నులార చూచితిమి. రెండు రాష్ట్రముల నడుమ కాపురముండు మనకు, సంతకు పోక దినము గడవని ఇల్లు ఎంత పరాధీనమో ఆనాడు తెలిసినది. పై ఏట వేసవి తుదిని మా పెరటిలో పలుగు వేసితిమి.

ఇక లెక్క చెప్పవలెను. వర్తకుని నోట లెక్క లేని మాట చెల్లదు. ఎర్రమట్టికి, పశువుల పెంటకు, విత్తన పొట్లములకు, పందిరి గుంజలకు అయిన ఖర్చు ఒక ప్రక్కను, కోసిన కాయల అంగడి ధర ఇంకొక ప్రక్కను వ్రాసి కూడి చూచితిమి. మొదటి సంవత్సరము నష్టమే తేలినది. రెండవ ఏట నష్టము తగ్గినది. మూడవ ఏటికి సరికి సరి వచ్చినది. అందును మా ఇంటివారి శ్రమకు కూలి కట్టలేదు. కావున పెరటి తోట వలన డబ్బు మిగులునని మేము ఎవరికిని చెప్పము. అద్దెతో పోటీపెట్టినచో తోట ఓడిపోవును. మా వాదము లెక్కపుస్తకమున పట్టని సంగతులపై నిలిచియున్నది.

మొదటి పాఠము విత్తనము దగ్గరనే మొదలైనది. తొలకరికి ముందు తోటకూర గింజలు మడిలో చల్లి, తెల్లవారి చూచునప్పటికి చీమలు బారు తీర్చి వానిని మోసికొనిపోవుచుండెను. సన్నని గింజలను పొడి ఇసుకతో కలిపి చల్లి, పైన పలుచగా మట్టి కప్పి, మడి చుట్టును బూడిద గీత గీయవలెనని పిమ్మట తెలిసినది. వంగ, మిరప, టమాటాలకు నారుమడి కావలెను. మేము ఆత్రముతో పూటపూటకు నీరు పోయగా, బారెడు ఆశతో మొలచిన నారు మొదలు మెత్తబడి వాలిపోయినది. దానిని నారుకుళ్ళు తెగులందురు. మితిమీరిన తడియే దానికి మూలము. అప్పుడు మా తల్లిగారు, "నీళ్ళు పోయడం కాదు నాయనా, మట్టి తాకి చూడడం నేర్చుకో" అనిరి. అంతకంటె గొప్ప వ్యవసాయసూత్రము మాకు ఇంతవరకు దొరకలేదు. టమాటా నారు 25 దినములకును, వంగ నెల దాటిన పిదపను, మిరప ఇంకను కొన్ని దినములకును నాటుటకు వచ్చును. బెండ, చిక్కుడు, సొర, బీర మొదలగువానికి వేరు కదిపిన గిట్టదు గనుక ఉండవలసిన చోటనే గింజ పెట్టవలెను. కాకర గింజ పెంకు గట్టిది. రాత్రి నానబెట్టినచో త్వరగా మొలచును.

పాదులు పెట్టుట తెలియనివారు బెంగుళూరు వంకాయతో మొదలిడవచ్చును. తెలుగువారందరును ఈ మహానగరము పేరుతో పిలుచు ఆ కాయను ఇచటివారు సీమెబదనె యందురు. నిజమునకు అది బెంగుళూరిదియు కాదు, వంకాయయు కాదు. మెక్సికో ప్రాంతమునుండి వచ్చిన తీగ. ఒకే గింజ గల ఆ కాయను ముదిరిన పిదప మూలన పెట్టినచో తల్లికాయ లోపలనే గింజ మొలచి మొలక బయటికి వచ్చును. దానిని కాయతోపాటు నాటుటయే పని. సముద్రమట్టమునకు సుమారు 900 మీటర్ల ఎత్తుననున్న మన చల్లని నేలను నమ్ముకొని ఆ తీగ ఇచట ఎంత స్థిరపడినదనగా, తుదకు ఈ ఊరి పేరే దాని పేరైనది. పరదేశమున కాపురము పెట్టినవారు ఆ తీగను చూచి ధైర్యము తెచ్చుకొనవచ్చును.

మా పెద్ద తప్పు రెండవ ఏట జరిగినది. చిక్కుడు పందిరిపై పేనుబంక నల్లగా క్రమ్ముకొనెను. ఒక అంగడివారు ఇచ్చిన మందును, చెప్పిన కొలతకు రెట్టింపు కలిపి, పట్టపగలు పందిరియంతయు తడియునట్లు చల్లితిమి. పేనుబంక రెండు దినములలో మాయమైనది. మేము ఎంతయు సంతోషించితిమి. మూడవ దినమున మందార చెట్టు క్రింద ఒక తేనెపిట్ట చచ్చి పడియుండగా మా చిన్నపిల్ల దానిని దోసిట పట్టుకొని వచ్చి, "దీనికేమైంది నాన్నా?" అని అడిగినది. ఆ పిట్ట మా మందు వలననే చచ్చినదని రుజువు చూపలేము. కాదని చెప్పుటకు మాత్రము నోరు రాలేదు. ఆ పిమ్మట మా పెరటికి తేనెటీగలు వచ్చుట తగ్గినది. గుమ్మడి పిందెలు వరుసగా పసుపు వన్నెకు తిరిగి రాలిపోయినవి. విత్తనము మోసమని మేము అమ్మినవారిని నిందించితిమి. నేరము విత్తనమునందు లేదు. గుమ్మడిజాతి తీగలకు మగపూవు వేరు, ఆడపూవు వేరు. నడుమ మోయువారు లేనిదే పిందె నిలువదు.

ఇంకొక సంగతి విని పాఠకులు నవ్వుదురు గాక. ఆ పేనుబంక నడుమ నల్లని మేనిపై నారింజ చుక్కలు గల ముండ్ల పురుగులు కొన్ని ప్రాకుచుండగా, అవియే ఆకును తినుచున్నవని తలచి వ్రేళ్ళతో నలిపి చంపితిమి. అవి అక్షింతల పురుగుల పిల్లలని తరువాత తెలిసినది. పేనుబంకయే వాని ఆహారము. మన కాపలాదారులను మనమే చంపి, దొంగలను వెళ్ళగొట్టుటకు విషము కొనితెచ్చుకొంటిమి. పేనుబంక కొలదికాలములోనే తిరిగి వచ్చినది. అక్షింతల పురుగులు తిరిగి వచ్చుటకు మరుసటి ఏడు పట్టినది.

ఇది మా ఒక్కరి అనుభవము కాదు. 1962లో అమెరికా దేశమున రేచెల్ కార్సన్ అను శాస్త్రజ్ఞురాలు, పురుగుమందుల వలన పక్షుల పాట వినరాని వసంతము రాగలదని గ్రంథము వ్రాసి లోకమును మేల్కొలిపెను. మన దేశమున ఎండోసల్ఫాను అను మందును సర్వోన్నత న్యాయస్థానము 2011లో నిలిపివేసినది. పొలమునందు ఎకరముల కొలది పంట పెట్టి అప్పులో నున్న రైతు బాధ వేరు. అతనికి హితబోధ చేయుటకు మేము చాలము. నాలుగు పాదులు పెట్టుకొనిన ఇంటికి మాత్రము విషముతో పని లేదు. పేనుబంకకు నీటిధార కొట్టిన చాలును. అది చాలకున్న లీటరు నీటికి 5 మిల్లీలీటర్ల వేపనూనెను కొంచెము సబ్బు నీటితో కలిపి, తేనెటీగలు తిరుగని సాయంకాలమున చల్లవచ్చును. కాకర, బీర కాయలను పండు ఈగ పొడువకుండ పిందెనాడే కాగితపు సంచి తొడుగవచ్చును. పొడిచిన కాయలను చెత్తలో పారవేయక లోతుగా పూడ్చిపెట్టవలెను. బెండకు ఆకులు పసుపెక్కు పల్లాకు తెగులు తెల్లదోమ వలన ప్రాకును. దానికి తట్టుకొను అర్క అనామిక యను రకమును మన హెసరఘట్ట ఉద్యాన పరిశోధన సంస్థ వారే సిద్ధపరచిరి. అట్టి శాస్త్రజ్ఞుల కృషిని వాడుకొనుట వివేకము.

సొరపాదుకు మేమే మోయువారమైతిమి. సొరపూవు తెల్లనిది; ప్రొద్దు క్రుంకువేళ విచ్చును. దీపములు పెట్టు సమయమున మగపూవును త్రుంచి, రేకులు వలిచి, అడుగున చిన్న పిందె గల ఆడపూవునకు మెల్లగా అద్దవలెను. మా పిల్లలు ఆ పనికై పోటీపడుదురు. 2020 మార్చి 25 నుండి దేశమంతటను రాకపోకలు ఆగిపోయి, మన పొలిమేరలో అనుమతి లేనిదే బండి కదలని దినములలో, ఆ విధముగా నిలిచిన సొరకాయలును, గోంగూరయు, తోటకూరయు మా ఇంటికే కాక ఇరుపొరుగు నాలుగిండ్లకును చాలినవి. ఆనాటి సొరకాయకు అంగడి ధర కట్టుట మాకు చేతకాలేదు.

పెరటికి వచ్చు ప్రాణులను గూర్చి చెప్పవలసినది చాల కలదు. ఉడుత టమాటాను సగము కొరికి విడుచును. పికిలిపిట్ట మిరపపండ్లు ఏరుకొనిపోవును. గొంగళిపురుగులను కూడ అదే ఏరును. తొండ రోజంతయు కంచెపై కూర్చుండి పురుగులను పట్టును. వానకాలపు రాత్రులందు పిడికెడంత నత్తలు వచ్చి లేతనారును మొదలంట తినిపోవును. ఇవి మన దేశపువి కావు. ఆఫ్రికా జాతివి, 1847లో కలకత్తాకు తేబడి క్రమముగా దేశమంతటను వ్యాపించినవి. మేము లాంతరు పట్టుకొని ఏరి ఉప్పునీట వేయుచుంటిమి. ఒకనాడు వేకువను జెముడుకాకి యొకటి వచ్చి నత్తను పట్టుకొని తినుట చూచితిమి. అది గూడు పెట్టుకొనుటకు దట్టమైన పొద కావలెను గనుక, ఆనాటినుండి గోడమూల నున్న పొదను నరుకుట మానితిమి. ఆ పొద వికారముగా నున్నదని బంధువులు అందురు. అందనిండు.

పొదలున్నచోట పాములు చేరునని తల్లులు భయపడుదురు. ఆ భయము అకారణము కాదు. మా పెరటికి రెండుమారులు జెర్రిపోతు వచ్చినది. దానికి విషము లేదు. అది ఎలుకలకై వచ్చును. అయినను పామును గుర్తుపట్టు నేర్పు అందరికి నుండదు గనుక, ఏ పామునైనను తాకరాదనియు, చంపబోరాదనియు, పెద్దలను పిలువవలెననియు పిల్లలకు నేర్పితిమి. తిండి మెతుకులు, చెత్తకుప్పలు లేకున్న ఎలుకలు రావు. ఎలుకలు రాకున్న పాములును అరుదు.

మన నష్టము ఎంతటిదో కూడ తెలిసికొనవలెను. మన ఆనేకల్ తాలూకా పడమటి అంచున, 1974లో జాతీయోద్యానముగా ప్రకటింపబడిన బన్నేరుఘట్ట అడవి యున్నది. రాగి పంట చేతికి వచ్చు దినములలో ఏనుగులు చేలలో పడినచో రైతు ఆరునెలల కష్టము ఒక రాత్రిలో నేలమట్టమగును. అతడు చలిలో మంచెపై మేల్కొని కాపలా కాయును. ఉడుత కొరికిన టమాటాకై మేము చిందులు త్రొక్కినపుడు ఆ రైతును తలచుకొని సిగ్గుపడితిమి. పంటకు పాలివారు కలరను సంగతి అతనికి ఎప్పటినుండియో తెలియును. పట్టణపు మనకు కొత్త.

పాలివారిలో మనుష్యులును కలరు. మా పెరటి గోడకు ఒక ప్రక్కను కన్నడిగుల ఇల్లు, ఇంకొక ప్రక్కను తమిళుల ఇల్లు. మేము బీరకాయ ఇచ్చినచో ఒకరు హీరెకాయి అని పుచ్చుకొందురు, ఒకరు పీర్క్కంగాయ్ అని పుచ్చుకొందురు. మన సొర వారికి సోరె, వీరికి సురై. మన మునగ వారికి నుగ్గె, వీరికి మురుంగై. మూడు భాషలు ఒకే పాదున ప్రాకిన తీగలని చెప్పుటకు ఇంతకంటె వేరు నిదర్శనమెందులకు? మార్గశిర పుష్య మాసములలో బెంగుళూరు విశ్వేశ్వరపురపు అవరె మేళకు మనవారును గుంపులుగా పోవుదురు. వారి అవరెయే మన అనప. వారి హితకిద బేళెయే మన పితికిపప్పు. పాలు హాలైనట్లు, పులి హులియైనట్లు పితుకుట అచట హితుకుట యైనది. కోస్తానుండి వచ్చిన చుట్టములు మాత్రము మన అనపకాయలను చూచి, తమ ఊర ఆనపకాయ యనగా సొరకాయ యని నవ్వుదురు! ఇట్టి మాటలు వాచకమున చదివిన మరచిపోవును. పాదు దగ్గర నిలిచి విన్న పిల్లవాడు మరవడు.

మా అనప విత్తనము ప్రక్కింటి కన్నడ అమ్మగారు ఇచ్చినదే. వారి అత్తగారి నాటిదట. అనప, చిక్కుడు, టమాటా పూవులు ఎక్కువగా తమంత తామే ఫలించును గనుక ఏటేట విత్తనము నిలుపుకొనుట సులభము. ముదురు కాయలను తీగపైననే ఎండనిచ్చి, గింజ ఒలిచి, బూడిద కలిపి కుండలో దాచుదుము. టమాటా గింజలను ఒకటి రెండు దినములు నీట పులియనిచ్చి, జిగురు వదలిన పిదప కడిగి నీడను ఆరబెట్టుదుము. సంకర విత్తనపు కాయనుండి తీసిన గింజ తల్లిని పోలదు, ఏటేట కొనవలసినదే. కొనుట తప్పని మేము అనము. కొనిన విత్తనము చుట్టరికము కలుపలేదు, ఇచ్చిన విత్తనము కలుపును. అల్పసంఖ్యాకులమైన మనకు ఈ భేదము ముఖ్యము. మన హక్కులకై వినతిపత్రములు ఇచ్చుట అవసరమే. ఇరుగుపొరుగున మన పేరు నిలుచుట ఇచ్చిపుచ్చుకొనుట వలన గాని వినతిపత్రముల వలన కాదు.

ఇప్పుడు సంఘ స్థలము మాటకు వత్తము. నీరెక్కడిది అని కొందరు అడిగిరి. 2024 మార్చిలో బెంగుళూరు నగర నీటి మండలి, తోటలకు త్రాగునీరు పోసినచో 5000 రూపాయల జరిమానా యని ప్రకటించిన సంగతి మరువరాదు. మా ఉద్దేశము బోరుబావిపై ఆధారపడుట కాదు. 100 చదరపు మీటర్ల కప్పుపై 10 మిల్లీమీటర్ల వాన కురిసినచో 1000 లీటర్ల నీరు వచ్చును. భవనము కప్పునుండి కారిపోవు ఆ నీటిని తొట్టిలో పట్టవచ్చును. కూరలు, బియ్యము కడిగిన నీరు ఎటులను కలదు. గచ్చు వేసినచో ఆ నీరు ఇంకుటకు చోటు లేక వీధి మురుగులో కలియును.

ఉపాధ్యాయుని వేతనము మాట అన్నిటికంటె గట్టిది. తోట చూపి ఆయనను వట్టిచేతులతో పంపుట తగదు. ఒక సంవత్సరమునకు ఆ మొత్తమును మన సంఘమునందలి అంగళ్ళవారు పంచుకొని భరింపవలెనని మా ప్రార్థన. మొదటి పాలు మాది. స్థలమున మూడింట రెండు పాళ్ళు మడులు చేసి, తరగతిలోని ప్రతి పిల్లవానికిని, పిల్లకును ఒక పాదు అప్పగింపవలెను. ప్రతి మడికి తెలుగు, కన్నడ, తమిళ భాషలలో పేరు వ్రాసిన పలక నాటవలెను. గోడవారను పొదకును, పక్షుల నీటి మూకుడుకును చోటు విడువవలెను. విత్తనము పిడికెడు తీసికొనినవారు పంటనాడు రెండు పిడికిళ్ళు తిరిగి ఇయ్యవలెను. తీసికొనువారు ఏ భాషవారైనను సరియే.

వచ్చే ఏటి ఉగాదినాడు లెక్క చూతము. మడులు ఎండి, పిల్లలు రాక, తోట పేరునకు మాత్రమే మిగిలియున్నచో గచ్చు వేయుటకు చేయి ఎత్తువారిలో మేము ముందుందుము. తోటను గచ్చుగా మార్చుట ఒక్క దినపు పని. గచ్చును మరల తోటగా మార్చుట అంత సులభము కాదు. తిరిగి సరిదిద్దరాని బేరమును తొందరపడి చేయరాదని వర్తకమున మేము నేర్చుకొన్న నీతి. సభ్యులు ఈ సంగతిని తమ ఇండ్లలో, ముఖ్యముగా స్త్రీలతోను పిల్లలతోను, చర్చించి సర్వసభ్య సమావేశమునకు రావలెనని కోరుచున్నాము. వచ్చునప్పుడు, ఇంట దాచిన విత్తనమేదైన నున్నచో, ఒక పొట్లము కట్టి తెండు.